విడాకులకు ముందే ఫ్లాట్ రిలీజ్ డీడ్ అడుగుతున్నారు, లోన్‌లో మాత్రం నా పేరు అలాగే ఉంటుందట

మహి_నిజాంపేట:
అందరికీ నమస్తే. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఆరేళ్ల పాప. ఏడాదిన్నరగా పాపని తీసుకుని అమ్మ దగ్గరే ఉంటున్నాను. మ్యూచువల్ విడాకులకి ఇద్దరం ఒప్పుకున్నాం. ఎందుకు విడిపోతున్నామనేది ఇక్కడ రాయను, దయచేసి అడక్కండి. నాకు అర్థం కానిదల్లా డబ్బు సంగతే.

2018లో నిజాంపేటలో 62 లక్షలకి ఫ్లాట్ కొన్నాం. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేరు మీద, 45 లక్షల లోన్ కూడా ఇద్దరి పేరు మీదే. పైన కట్టిన 17 లక్షల్లో 11 నావి. నాన్న పసుపు కుంకుమ కింద తెనాలి దగ్గర పాతిక సెంట్లు నా పేరున రాసిచ్చారు, అది అమ్మితే వచ్చిన డబ్బు. ఈఎంఐ 39 వేలు. పాప పుట్టేదాకా సగం నా జీతంలోంచి వెళ్లేది, తర్వాత ఉద్యోగం మానేశాను, అక్కణ్ణుంచి ఆయనే కడుతున్నారు. ఇప్పుడు మళ్లీ ఉద్యోగం చేస్తున్నాను. లోన్ ఇంకా 36 లక్షలు ఉంది, ఫ్లాట్ ఇవాళ 95 దాకా పలుకుతోంది.

మొన్న మా ఆడపడుచు భర్త పెద్దమనిషిగా కూర్చుని చెప్పిందేంటంటే, "ముందు నువ్వు ఫ్లాట్‌లో నీ వాటా వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాసిచ్చెయ్యమ్మా, 8 లక్షలు ఇస్తాం, విడాకులు వచ్చాక నిదానంగా లోన్‌లోంచి నీ పేరు తీయిస్తాం" అని. నా బంగారం 40 కాసులు అత్తగారి లాకర్‌లో ఉంది. ఇవి చాలవన్నట్టు ఆయన 10 లక్షల చిట్టీ పాడుకున్నారు, దానికి ష్యూరిటీ సంతకం నాది. ఇందులో ఏది ముందు, ఏది వెనక?

ఏలూరు_కాలవగట్టు:
తల్లీ, అడగొద్దన్నావు కాబట్టి అడగను. కానీ ఆరేళ్ల పిల్ల ఉంది, ఇంకోసారి పెద్దవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించు. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.

మహి_నిజాంపేట:
ఆంటీ, పెద్దవాళ్లు కూర్చోవడం చాలాసార్లు అయింది. కూర్చున్న ప్రతిసారీ నా వైపు నుంచి ఏదో ఒకటి తగ్గుతోంది.

పాత_బ్యాంకోడు:
రిటైర్ అయ్యేదాకా హోమ్ లోన్ డెస్క్ మీదే ఉన్నాను. అమ్మా, నీ విషయంలో రెండు వేరువేరు కాగితాలున్నాయి, వాటిని మీ పెద్దమనిషి కావాలనో తెలియకో కలిపేస్తున్నాడు. సేల్ డీడ్ చెప్పేది ఇల్లు ఎవరిదో. లోన్ అగ్రిమెంట్ చెప్పేది అప్పు ఎవరిదో. రిలీజ్ డీడ్ రాసిస్తే మొదటి దాంట్లోంచి నీ పేరు పోతుంది, రెండో దాంట్లో పోదు. ఇల్లు ఆయనది, అప్పు ఇద్దరిదీ. ఆయన ఈఎంఐ ఆపేస్తే బ్యాంకు నిన్ను 18 లక్షలు అడగదు, మొత్తం 36 అడుగుతుంది, ఎందుకంటే కో-బారోయర్, అంటే కలిసి అప్పు తీసుకున్న వాళ్లు, ప్రతి ఒక్కరూ పూర్తి అప్పుకి బాధ్యులు. "మాకు విడాకులయ్యాయి సార్, ఇల్లు ఆయన తీసుకున్నాడు" అని డిక్రీ కాపీ పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చిన వాళ్లని చూశాను. ఆ డిక్రీ ఇద్దరి మధ్యది. బ్యాంకు అందులో పార్టీ కాదు, దానికి కట్టుబడక్కర్లేదు.

పైగా ఆ అప్పు నీ సిబిల్ క్రెడిట్ రిపోర్టులో నీ అప్పుగానే కనిపిస్తుంది. రేపు నువ్వు, పాప ఉండటానికి చిన్న ఫ్లాట్ కొనుక్కుందామన్నా ఆ 39 వేలు నీ జీతంలోంచి తీసేసే ఎలిజిబిలిటీ లెక్కేస్తారు.

ఎలా చేయాలంటే, ముందు ఆయన్ని ఒక్కడి జీతం మీద లోన్ నిలుస్తుందో లేదో బ్యాంకులో అడగమను. నిలిస్తే కో-బారోయర్‌ని తప్పిస్తూ బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కొన్ని బ్యాంకులు దీన్ని కొత్త లోన్‌లాగే ప్రాసెస్ చేస్తాయి. నీకివ్వాల్సిన డబ్బుకి అందులోనే టాప్-అప్, అంటే అదనపు లోన్, కూడా అడగొచ్చు. వాళ్లు ఒప్పుకోకపోతే వేరే బ్యాంకుకి మార్చుకోవచ్చు, అక్కడ ఆయన ఒక్కడే అప్పుదారు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో తనఖా ఉన్నాయి కాబట్టి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే కాగితం, లేకుండా రిజిస్ట్రేషన్‌కి వెళ్లడమే తప్పు. శాంక్షన్ లెటర్, ఎన్‌ఓసీ, నీ డీడీ, ఈ మూడూ బల్ల మీద కనిపించిన రోజే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి బయలుదేరు. అంతకుముందు కాదు.

తులం_బంగారం:
కరీంనగర్ నుంచి రాస్తున్నా అక్కా. నాది అయిపోయి మూడేళ్లు దాటింది. పాత బ్యాంకు సార్ చెప్పింది నూటికి నూరు నిజం. నేను బంగారం గురించి చెప్తా. మా దిక్కు తులాలంటాం, నావి 22 తులాలు, అవీ అత్తమ్మ బీరువాలనే ఉండె. అడిగితే "ఏ బంగారం?" అన్నరు. నోటిమాటతో అయ్యే పని కాదు. మా చెల్లె పెళ్లి ఆల్బమ్ ముందేసుకుని ఒక్కో ఫోటో చూసి రాసింది: నల్లపూసలు, హారం, వంకీ జత, వడ్డాణం, ఏది ఎవరు పెట్టిన్రు, బిల్లు ఉందా లేదా. షాపాయన పాత బిల్లులు కంప్యూటర్‌లోంచి తీసిచ్చిండు. ఆ లిస్టు లాయర్ నోటీసుకి అంటించాక వాళ్ల మాట మారింది. వడ్డాణం మాత్రం రాలే. దాని ఫోటో ఉంది, బిల్లు లేదు, ఇంక నాకు ఓపిక లేక వదిలేసిన.

నల్లకోటు_కూకట్‌పల్లి:
ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. పైన చెప్పినవాటికి కొంచెం కలుపుతాను.

మన దేశంలో పెళ్లయ్యాక కొన్న ఆస్తి ఆటోమేటిక్‌గా చెరిసగం అనే చట్టం లేదు. గోవా మినహాయింపు, అక్కడ పాత పోర్చుగీసు సివిల్ కోడ్ నడుస్తోంది. సినిమాల్లో విని "సగం ఆస్తి వస్తుంది" అని వచ్చే క్లయింట్లకి ఇది చెప్పడమే నా మొదటి పని. మిగతా చోట్ల పేరు ఎవరిది, డబ్బు ఎవరిది, అంతే. భరణం లెక్క వేరు, ఇంట్లో నివాస హక్కు లెక్క వేరు.

మహి గారి కేసులో పేర్లు రెండూ ఉన్నాయి. సేల్ డీడ్‌లో ఎవరి వాటా ఎంతో రాయకపోతే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 చూస్తారు. వేరువేరు డబ్బుతో కొని ఉంటే ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటా, రుజువు లేకపోతే సమానం. కాబట్టి తెనాలి పొలం అమ్మిన దస్తావేజు, ఆ డబ్బు మీ ఖాతాలో పడిన రోజు, అక్కణ్ణుంచి బిల్డర్‌కి వెళ్లిన రోజు, మూడూ కనిపించే స్టేట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి. బ్యాంకు పాత స్టేట్‌మెంట్లు ఎప్పటికీ ఆన్‌లైన్‌లో ఉంచదు. పసుపు కుంకుమ కింద మీకు రాసిచ్చిన పొలం మీ సొంతం. దాని అమ్మకం డబ్బూ మీదే. అందులో అవతలివాళ్లకి వాటా లేదు.

బంగారం స్త్రీధనం, అంటే మీ సొంత ఆస్తి. అత్తగారి లాకర్‌లో ఉన్నంత మాత్రాన ఆవిడది అయిపోదు, ఆవిడ కేవలం దాచిపెట్టిన మనిషి. 1985లో ప్రతిభారాణి కేసులోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం కేసు పెట్టొచ్చు, గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ కూడా వాపసు ఇమ్మని ఆదేశించొచ్చు. కానీ మ్యూచువల్‌లో వెళ్తున్నారు కాబట్టి ముందు లిస్టు ఒప్పందంలో పెట్టించండి, ఏ రోజు ఎక్కడ అప్పగిస్తారో సహా.

నా_కథ_వేరు:
అందరూ ఆడవాళ్లకే చెప్తున్నారు, మా సంగతి కూడా వినండి. మియాపూర్ ఫ్లాట్ మొత్తం నా జీతంతో కొన్నాను, రిజిస్ట్రేషన్ మా ఆవిడ ఒక్కదాని పేరున. ఎందుకంటే ఆవిడ పేరు మీద కొంటే కలిసొస్తుందని మా అమ్మ నమ్మే సిద్ధాంతిగారు చెప్పారు. కలిసొచ్చింది, ఆవిడకి. ఇప్పుడు ఆవిడ అందులో ఉంటోంది, నేను పీజీలో ఉండి ఈఎంఐ కడుతున్నాను, పైగా నా మీద మెయింటెనెన్స్ (భరణం) పిటిషన్. ఇది న్యాయమా?

నల్లకోటు_కూకట్‌పల్లి:
న్యాయమా అంటే నా దగ్గర జవాబు లేదు సార్, దారి ఉందా అంటే చెప్తాను. తెలిసిన ఆదాయంతో భార్య పేరున కొంటే బినామీ చట్టం కింద అది బినామీ కాదు, ఆ మినహాయింపు ఉంది. కాబట్టి డబ్బు నాది అని సివిల్ దావా వేసే తలుపు మూసుకుపోలేదు. కానీ "భార్యకి ప్రేమతో కొనిచ్చాడు" అని అవతలి లాయర్ అంటాడు, కాదని నిరూపించే భారం మీదే. దావా ఏళ్లు పడుతుంది. దానికంటే మెయింటెనెన్స్ కేసులోనే గట్టిగా చూపించండి. 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా తీర్పు వచ్చినప్పటి నుంచి ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో రాసి ఇవ్వాల్సిందే. ఆవిడ ఆ ఫ్లాట్‌ని తన ఆస్తుల్లో రాయాలి, మీరు లోన్‌ని మీ అప్పుల్లో రాయాలి. సెటిల్‌మెంట్ బేరం అక్కడ మొదలవుతుంది. ఈఎంఐ మాత్రం కోపంతో ఆపకండి, సిబిల్ దెబ్బ మీకే.

ఏలూరు_కాలవగట్టు:
సిద్ధాంతిగారి మాట విని నవ్వొచ్చింది బాబూ, ఏమనుకోకు.

నా_కథ_వేరు:
నవ్వండి ఆంటీ, నేనూ ఈమధ్య నవ్వడం మొదలుపెట్టాను.

సెక్షన్లు_తెలీవు:
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా అక్కకి అమెరికాలో విడాకులయ్యాయి, అక్క మళ్లీ పెళ్లి కూడా చేసుకుంది. పెళ్లిలో పెట్టిన బంగారం పాత బావ వాళ్లింట్లోనే ఉండిపోయిందని నాన్న ఇక్కడ కేసు పెడతానంటున్నారు. అక్క "వదిలెయ్యండి" అంటోంది. నాన్న పెట్టొచ్చా?

నల్లకోటు_కూకట్‌పల్లి:
సరిగ్గా ఇలాంటి కేసే తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 ఆగస్టులో తీర్పు. అమ్మాయికి అమెరికాలో విడాకులై, అక్కడే ఆస్తుల పంపకం కూడా రాసుకుని, మళ్లీ పెళ్లి చేసుకున్నాక తండ్రి ఇక్కడ కేసు పెట్టారు. స్త్రీధనం ఆమె ఒక్కదానిదే, ఆమె బతికి ఉండి తన నిర్ణయం తాను తీసుకోగలిగినప్పుడు ఆమె అనుమతి లేకుండా తండ్రి అడగలేడని చెప్పి కోర్టు కేసు కొట్టేసింది. మీ అక్క వద్దంటే మీ నాన్నగారు ఆగడమే మేలు.

ప్లేనో_నుంచి:
అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇటువైపు సంగతి. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, మన వాళ్లు ఎక్కువగా ఉండే ఈ మూడూ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు. పెళ్లయ్యాక సంపాదించినది ఎవరి పేరున ఉన్నా ఇద్దరి కింద లెక్క. కాలిఫోర్నియాలో దాదాపు చెరిసగం, ఇక్కడ టెక్సస్‌లో జడ్జి న్యాయమనుకున్నంత పంచుతారు. న్యూజెర్సీది ఇంకో పద్ధతి. నా 401కే, అంటే రిటైర్మెంట్ పొదుపు, సగం వెళ్లింది, దానికి క్వాడ్రో అని కోర్టు ఆర్డర్ వేరే రాయించాలి, డిక్రీలో ఒక లైన్ రాస్తే ప్లాన్ వాళ్లు డబ్బు కదపరు. కంపెనీ స్టాక్స్‌లో పెళ్లికి ముందు ఇచ్చినవి, తర్వాత చేతికొచ్చినవి విడదీయడానికి లాయర్ ఫీజు గంటల లెక్కన మీటర్ తిరిగింది.

అసలు తలనొప్పి ఇండియాలో ఉన్న ప్లాట్. ఘట్‌కేసర్‌లో 200 గజాలు ఇద్దరి పేరున ఉంది. ఇక్కడి జడ్జి "ఇండియా ప్లాట్ భార్యకి" అని రాశారు. ఆ కాగితం అక్కడి సబ్-రిజిస్ట్రార్ దగ్గర పనిచేయదు, మళ్లీ నేను కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి మా బాబాయికి పంపితే ఆయన వెళ్లి రాసిచ్చారు. నేను మొండికేసి ఉంటే ఆవిడ అక్కడ మళ్లీ మొదటి నుంచి దావా వేసుకోవాల్సి వచ్చేది.

నల్లకోటు_కూకట్‌పల్లి:
కరెక్ట్. మన దేశంలోని స్థిరాస్తి మీద విదేశీ కోర్టు మాట ఇక్కడ నేరుగా చెల్లదు. విదేశీ విడాకుల డిక్రీ ఇక్కడ చెల్లాలన్నా పరీక్షలున్నాయి, 1991లో సుప్రీంకోర్టు అది తేల్చింది కూడా ఒక తెలుగు జంట కేసులోనే. తిరుపతిలో పెళ్లి, భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకున్నారు, ఇక్కడ అది నిలవలేదు. ఇద్దరూ ఒప్పుకుని వెళ్లిన కేసులైతే వేరు.

మహి_నిజాంపేట:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. స్టేట్‌మెంట్ దొరికింది. పొలం డబ్బు నా ఖాతాలో పడిన నాలుగో రోజే బిల్డర్‌కి వెళ్లింది, నా ఖాతా నుంచే. ఇది చూపిస్తే మా ఆడపడుచు భర్త అన్నయ్యగారు "అయితే 8 కాదు 14 ఇస్తాం" అన్నారు. నిజంగా ఎంత అడగాలి? ఇంకో ఆఫర్ కూడా పెట్టారు, ఫ్లాట్ పాప పేరున రాసేద్దాం, గొడవ ఉండదు అని. వినడానికి బాగుంది.

పాత_బ్యాంకోడు:
లెక్క కష్టం కాదు. 95లో 36 తీస్తే 59 లక్షలు. సమానం అంటే నీకు 29న్నర. పెట్టుబడి నిష్పత్తి అంటే ఆయన ఇన్నేళ్లు కట్టిన ఈఎంఐ ఆయన వైపు వెళ్తుంది, నీ 11, నువ్వు కట్టిన ఏడాది సగం ఈఎంఐ నీ వైపు. ఆ ఈఎంఐల్లో ఎక్కువ భాగం వడ్డీయే, 45 లోంచి అసలు తగ్గింది 9 లక్షలే చూడు. ఆయన ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఉన్నాడు కూడా, అద్దె కట్టలేదు. 14కి ఆగకు. 20 పైన మొదలుపెట్టు, 25 అన్నా నోరు పెద్దది చేసినట్టు కాదు.

నల్లకోటు_కూకట్‌పల్లి:
పాప పేరున అన్న మాట జాగ్రత్త. మైనర్ పేరున ఆస్తి ఉంటే కోర్టు అనుమతి లేకుండా ఎవరూ అమ్మలేరు, తనఖా పెట్టలేరు. పాపకి 18 వచ్చేదాకా, అంటే పన్నెండేళ్లు, ఆ ఫ్లాట్ కదలదు, మీ 11 లక్షలు దాంట్లోనే ఇరుక్కుంటాయి. ఉండేది ఆయన. అసలు ఇంత లోన్ ఉండగా బ్యాంకు దానికి ఒప్పుకుంటుందని నేననుకోను. ఇక పాప ఖర్చు వేరే క్లాజ్. "భవిష్యత్తులో ఏ భరణమూ అడగను" అని మీ గురించి మీరు రాసుకోవచ్చు, పాప హక్కుని మీరు వదులుకోలేరు. అలా రాసినా రేపు పాప తరఫున అడగొచ్చు.

డబ్బు ఎప్పుడు తీసుకోవాలో కూడా చెప్తా. హిందూ వివాహ చట్టం 13బీ కింద మొదటి మోషన్, అంటే పిటిషన్ వేసే దశ, తర్వాత ఆరు నెలల గడువు, తర్వాత రెండో మోషన్, అంటే చివరిగా సమ్మతి చెప్పే దశ. తగిన కారణాలుంటే ఆ ఆరు నెలలు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, ఏడాదిన్నరగా విడిగా ఉన్నారు కాబట్టి అడిగి చూడొచ్చు. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, అందుకే మొత్తం చివరికి పెట్టుకోవద్దు, మొత్తం ముందే ఇవ్వడానికి ఆయనా ఒప్పుకోరు. కొంత మొదటి మోషన్ రోజు, మిగతాది రెండో మోషన్ రోజు, డీడీ నంబర్లు మెమోలో రాయించండి. ఫ్లాట్ నంబరు, హద్దులు, వాటా, అన్నీ షెడ్యూల్‌గా పిటిషన్‌కే జత చేయండి. ఆస్తి కేసులో భాగంగా ఉంటే రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ చట్టంలో మినహాయింపు ఉంది, లేకపోతే మళ్లీ విడిగా దస్తావేజు, దానికి స్టాంపు. ఒక్కసారిగా తీసుకునే భరణం మీద మామూలుగా ఆదాయపు పన్ను పడదు, నెలనెలా తీసుకుంటే పడుతుంది. డిక్రీ తర్వాత మాజీ భర్త పన్ను చట్టం దృష్టిలో బంధువు కాడు, కాబట్టి ఉచితంగా రాసుకునేవి ఏవున్నా ముందే చూసుకోవాలి. మీ సీఏని ఒకసారి కలవండి.

తులం_బంగారం:
లాయర్ ఫీజుకి ఇబ్బంది ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి పో అక్కా. ఆడవాళ్లకి జీతం ఎంత ఉన్నా ఉచితమే, నాకు మొదటి నోటీసు అక్కడి వకీల్ మేడమే రాసింది. ఇంకోటి, పీఎఫ్‌లో, ఇన్సూరెన్స్‌లో నామినీ ఎవరో చూసుకో. నేను డిక్రీ వచ్చిన ఏడాదికి చూస్తే ఆయన పేరే ఉంది!

పాత_బ్యాంకోడు:
జాయింట్ సేవింగ్స్ ఖాతా, ఆయన క్రెడిట్ కార్డు మీద నీకిచ్చిన యాడ్-ఆన్ కార్డు కూడా మూయించు. పాపకి సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే గార్డియన్ ఎవరో చూడు.

మహి_నిజాంపేట:
అప్‌డేట్. 22 లక్షల దగ్గర తెగింది. 8 మొదటి మోషన్ రోజు డీడీ, 14 రెండో మోషన్ రోజు. ఆయన బ్యాంకులో అడిగితే ఒక్క జీతం మీద 36కి ఒప్పుకున్నారు, టాప్-అప్ 10కి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు, మిగతా 12 మామగారు సర్దుతారట. రిలీజ్ డీడ్ రెండో మోషన్ అయ్యాక, బ్యాంకు లెటర్ చేతిలో పెట్టాకే. అన్నయ్యగారికి ఇది నచ్చలేదు, "నమ్మకం లేదా అమ్మా" అన్నారు. లేదన్నాను.

బంగారం లిస్టు ఒప్పందంలో పెట్టించాం. 40 కాసుల్లో 31 ఇచ్చేశారు. తొమ్మిది కాసుల గాజులు పాప పుట్టినప్పుడు కుదువ పెట్టారట, నాకు ఇప్పుడే తెలిసింది. విడిపించి ఇస్తామని తేదీతో సహా రాశారు.

మిగిలింది చిట్టీ. ఇంకా పద్నాలుగు వాయిదాలు ఉన్నాయి. చిట్టీ కంపెనీ ఆఫీసులో అడిగితే "సార్ రెగ్యులర్‌గానే కడుతున్నారు కదా మేడమ్, మీకెందుకు టెన్షన్" అన్నారు.

పాత_బ్యాంకోడు:
టెన్షన్ ఎందుకంటే ఆయన ఆపేసిన నెల వాళ్లు ముందు ఫోన్ చేసేది నీకే, తర్వాత నీ జీతం మీదకి వస్తారు. ష్యూరిటీ బాధ్యత విడాకులతో పోదు. రెండే దారులు. ఒకటి, ఆయన ఇంకో ష్యూరిటీని తెచ్చి మార్పించాలి. కొత్త మనిషి జీతం స్లిప్పులు వాళ్లకి నచ్చాలి. రెండోది, మిగిలిన వాయిదాలు ఒకేసారి కట్టేయడం. రెండో మోషన్‌కి ఎలాగూ టైముంది కాబట్టి ఆ 14 లక్షల డీడీతో పాటు ఇది కూడా షరతుగా పెట్టించు. మార్చాక నిన్ను ష్యూరిటీ నుంచి తప్పించినట్టు కంపెనీ లెటర్‌హెడ్ మీద, సీల్‌తో కాగితం తీసుకో. కౌంటర్‌లో అబ్బాయి "అయిపోయింది మేడమ్" అంటే లేచి రావద్దు.

మహి_నిజాంపేట:
సరే సార్. సోమవారం లాయర్‌తో ఈ షరతు కూడా డ్రాఫ్ట్‌లో కలిపిస్తాను. ఆయన తమ్ముడు గవర్నమెంట్ టీచర్, ష్యూరిటీకి అతన్ని పెట్టమని అడుగుతాను.